జపాను కేసెట్లు చూసిన వానాకాలం

మా అయ్య పెద్దకర్మ నాడు మా అన్న అప్పన్న పొద్దున్నే ఫెర్రీ ఎక్కి నది అవతలి దలా నుంచి వచ్చాడు. కార్యం తామ్వేలో మా ఇంట్లోనే చేశాం. వచ్చినవాళ్ళు భోంచేశాక, కరెంటు లేక ఉక్క భరించలేక, ఒక్కొక్కరే కిందికి దిగి వీధిలో నీడ పట్టుకున్నారు. అన్నా నేనూ మిగిలాం. అన్న గోడకి జారబడి కూర్చుని, ఏం చెయ్యాలో తోచక కాబోలు, ఫోను తీసి "ఒలే రత్నం, ఇది సూడు. ఇంకా ఆడతన్నారే ఈ పోటీ" అన్నాడు. జపాను కుస్తీ. జూనియర్ హెవీవెయిట్ వాళ్ళ పోటీ, ఏటా జరుగుతుందట. తెరమీద ఇద్దరు నాజూకు కుర్రాళ్ళు. చూస్తుండగానే ఒకడు రెండోవాణ్ణి వెల్లకిలా పడేసి, వాడి చెయ్యి తన తొడల మధ్య ఇరికించుకుని వెనక్కి వాలాడు. అన్న గభాల్న ఫోను బోర్లా పెట్టేశాడు. "మర్సిపోనాను" అన్నాడు నా వంక చూడకుండా. ఏం మర్చిపోలేదు. పదిరోజుల క్రితం అయ్యకి ఆఖరి స్నానం చేయించినప్పుడు, వంకర తిరిగిన కుడి మోచెయ్యి నేలకి ఆనక గాల్లో నిలబడిపోతే, దాని కింద తువ్వాలు మడిచి పెట్టింది మా అన్నే. ఆ చెయ్యి విరిచింది నేను. అప్పుడు నాకు పదిహేనేళ్ళు.

మేమప్పుడు బర్మాలో ఇదే ఊళ్ళో, పజుండౌంగ్‌లో వాగుకి రెండు వీధుల ఇవతల, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. అయ్య పేరు సన్యాసిరావు. రేవులో బస్తాలు దించే జట్టుకి మేస్త్రీ. బర్మావాళ్ళు ఆయన్ని మర్యాదగా ఊ సాన్ అనేవారు, కాస్త బెరుగ్గా. వయసులో ఉన్నప్పుడు రేవు కూలీల తాలింఖానాలో కుస్తీ పట్టేవాడు. తాలింఖానా మూతపడి, దాని స్థలంలో టైర్ల కొట్టు వచ్చాక కూడా ఆయన కసరత్తు మానలేదు. తెల్లారకముందే లేచి చెక్క నేలమీద దండీలు తీసేవాడు. ఇల్లంతా ఊగేది. కింది అంతస్తులో మొహింగా, అంటే చేపల పులుసులో సేమ్యా, వండి అమ్మే డో మ్యా అనే ఆవిడ ఆ చప్పుడు విని పొయ్యి వెలిగించుకునేది. తరవాత నానబెట్టిన శనగలు, బెల్లం. ఆ తరవాత అమ్మ వెల్లుల్లి వేసి కాచిన ఆవనూనెతో ఆయన భుజాలు, మెడ, ముంజేతులు మర్దనా చెయ్యాలి. వానాకాలంలో ఆరని బట్టల ముక్కిపోయిన వాసన, వాగు బురద వాసన, కింద నుంచి ఎక్కే ఙపి, ఆ పులిసిన చేపల ముద్ద వాసన, వాటన్నిటి మీదా ఆ ఆవనూనె ఘాటు. ఇప్పటికీ అది ఎక్కడైనా ముక్కుకి తగిలితే నా వీపు దానంతటదే బిగుసుకుంటుంది.

ఎందుకంటే అమ్మ పొద్దున్న మర్దనా చేసిన ఆ చేతులే సాయంత్రం అమ్మ మీద పడేవి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు. ఉప్పు తక్కువైందని, లుంగీ ఆరలేదని, ఎదురు మాట్లాడిందని, మాట్లాడకుండా ఉందని. కర్రా బెల్టూ ఏనాడూ ఎత్తలేదు. ఉత్త చేత్తోనే కొట్టేవాడు, అదొక గొప్పలాగా. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు బట్టే ఆ సాయంత్రం ఎలా ఉండబోతోందో అమ్మకి తెలిసిపోయేది. తెలియగానే గాజులు తీసి బియ్యం డబ్బాలో దాచేది. గాజులు పగిలితే చెయ్యి కోసుకుంటుందని. మమ్మల్ని బాల్కనీలోకి పంపి తలుపు మూసేది. సరుకులు పైకి లాక్కోడానికి వీధిలోకి వేలాడదీసిన సంచి తాళ్ళ మధ్య నిలబడి అన్నా నేనూ లోపలి చప్పుళ్ళు వినేవాళ్ళం. అరచెయ్యి పడితే ఒక చప్పుడు, పిడికిలి పడితే ఇంకో చప్పుడు. మర్నాడు అమ్మ చెంపమీద తనకా చెక్క అరగదీసిన గంధం మందంగా రాసుకుని బజారుకి వెళ్ళేది. తనకా ఎంత మందంగా ఉంటే లోపల అంత నల్లగా ఉందని మా మెట్లు ఎక్కిదిగే వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ అడిగేవారు కాదు.

ఆ వానాకాలం మొదట్లో మా చిన్నమావ లచ్చన్న ఓడ దిగి వచ్చాడు. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, సరుకు ఓడల్లో పనిచేసేవాడు. ఈసారి జపాను నుంచి ఒక టీవీ, ఒక డెక్కు, పదకొండు కేసెట్లు తెచ్చాడు. తన గది పైకప్పు కారుతోందని అవన్నీ మా ఇంట్లో పెట్టాడు. ఆ దేశపు స్నేహితుడెవడో టీవీలో వచ్చిన పోటీని మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేసిచ్చాడట. మా వీధికి రోజు విడిచి రోజు సాయంత్రం నాలుగింటికి కరెంటు వచ్చి ఎనిమిదింటికి పోయేది, అదీ మాట నిలబెట్టుకున్న రోజున. అయ్య రేవు నుంచి రాగానే మావ మొదటి కేసెట్ పెట్టాడు.

"జూనియరంటే సిన్నపిల్లలు కాదు బావా. బరువు తక్కువోళ్ళు. రెండు జట్లు సేత్తారు. జట్టులో ప్రతి ఒక్కడూ మిగతా ఆళ్ళందరితోటీ పోట్లాడాల. గెలిత్తే పాయింట్లు. ఆకరికి రెండు జట్లలోనూ పైనున్నోళ్ళిద్దరూ తలపడతారు" అని వివరించాడు మావ.

"ఇది కుత్తీ ఏట్రా? నాటకం" అన్నాడు అయ్య, లుంగీ పైకి ముడేసుకుంటూ. వీధినాటకంలో రాక్షసుల్లాగా మెరుపు బట్టలూ ముసుగులూ ఏమిటన్నాడు. కానీ చాప మీద కూర్చున్నాడు. తెరమీద ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి రొమ్ముమీద ఒకరు అరచేత్తో కొట్టుకుంటున్నారు. నువ్వొకటి, నేనొకటి. ఎవడూ తప్పుకోడు. ఆరేడు దెబ్బలకి చర్మం కమిలి, పదో దెబ్బకి చిట్లి సన్నగా రక్తం కారింది. ఒకడు తాళ్ళమీద నుంచి ఎగిరి బయటున్నవాడి మీద పడితే, వాడి తల ఇనపకంచెకి కొట్టుకుని నుదురు పగిలింది. వాడు కళ్ళలోకి కారే రక్తాన్ని ముంజేత్తో తుడుచుకుని మళ్ళీ లోపలికి పాకాడు. అయ్య "ఎగరడం కుత్తీ కాదు" అన్నాడు, కానీ ముందుకి వంగి. ఆ తరవాత ఒక పొట్టివాడు వచ్చాడు. మెడకి పట్టీ, నలిగి అతుక్కుపోయిన చెవులు, ఎగరడాలేవీ లేవు. అవతలివాడి చెయ్యి దొరికించుకుని, రెండు కాళ్ళూ వాడి రొమ్ముమీద అడ్డంగా వేసి, మణికట్టు తన గుండెకి హత్తుకుని వెనక్కి వాలాడు. అవతలివాడు గిలగిల్లాడి మూడుసార్లు నేలమీద తట్టాడు. గంట మోగింది. అయ్య తెరకి ఇంకా దగ్గరగా జరిగాడు. "అది నిజం. అది నాటకం కాదు" అన్నాడు చివరికి. ఆ పొట్టివాడు అప్పటి నుంచీ మా అయ్య మనిషైపోయాడు.

మూడో కేసెట్ నాటికి గాని నేను గమనించలేదు. ముందు గమనించింది అమ్మే. కేసెట్ల రోజున అయ్య గబగబా మెట్లెక్కేవాడు, "కరెంటొచ్చిందేటి?" అని గుమ్మంలోనే అడిగేవాడు. అన్నంలో ఏముందో చూడకుండా తినేసేవాడు. దెబ్బలన్నీ తెరమీదివాళ్ళే తినేవారు. కరెంటు లేని రోజున మావతోనూ అన్నతోనూ పొట్టివాడు ఎవణ్ణి ఎలా పట్టాలో వాదించేవాడు. అమ్మ చేతులకి గాజులు అలాగే ఉండిపోయాయి. వారం గడిచింది, పదిరోజులు గడిచాయి. అమ్మ చెంపమీద తనకా పల్చబడి, అందరి ఆడవాళ్ళలాగే ముచ్చటకి రాసుకున్నట్టు కనిపించింది.

ఒకరోజు వంటగదిలో చేపలు తోముతూ మావని మెల్లగా అడిగింది. "ఇంకెన్నున్నాయిరా లచ్చన్నా కేసెట్లు?"

"ఆరు."

"రోజుకొకటే ఎయ్యి. మీ బావ అడిగినా రెండోది ఎయ్యకు. పాడైపోయిందని సెప్పు." ఇంకో చేప అందుకుని మళ్ళీ అంది. "పాయింట్లు ఇద్దరికీ ఒకేనాగ ఒత్తే, మళ్ళీ ఆడిత్తారేటి?"

తెరవంక ఒక్కసారీ తిన్నగా చూడని మనిషి, రక్తం కనిపిస్తే కొంగు అడ్డం పెట్టుకునే మనిషి, ఆ పోటీ ఎన్నటికీ అయిపోకూడదని కోరుకుంది. మావ తలొంచుకుని "సూద్దాంలే అప్పా" అన్నాడు. అక్కకి దెబ్బలు పడతాయని ఆయనకీ తెలుసు. కాని ఓడ కోసం ఎదురుచూసే మనిషి, బావ ఇంట్లో అన్నం తినే మనిషి. ఆయన మీద నాకు చాలా ఏళ్ళు కోపం ఉండేది. ఇప్పుడు లేదు.

అన్నా నేనూ మాత్రం చూసినవన్నీ మధ్యాహ్నాలు ఖాళీ గోనెసంచుల మీద ఆడేవాళ్ళం. అన్నకి పదిహేడేళ్ళు, పొడుగే గాని గాలికి ఊగే మనిషి. మూడంతస్తులూ నీళ్ళు మోసి మోసి నా కాళ్ళు వాడికంటే గట్టివి. పొట్టివాడి పట్టు నాకు మూడు రోజుల్లో పట్టుబడింది. తట్టగానే వదిలెయ్యాలన్నది మా ఇద్దరి కట్టుబాటు. మొదట్లో అన్న నవ్వుతూ తట్టేవాడు, తరవాత్తరవాత ముందుగానే తట్టేవాడు. ఒకసారి వాడి మోచేతిలో ఏదో టిక్కుమంది. వాడి మొహం తెల్లబోయింది. నాకు భయం వెయ్యలేదు. ఆ చప్పుడు నాకు నచ్చింది. ఈ మాట నా పెనిమిటికి కూడా చెప్పలేదు.

పదకొండో కేసెట్ రోజున వాన ఉదయం నుంచీ ఆగలేదు. వీధిలో మోకాటిలోతు నీళ్ళు. అయ్య తడిసి వచ్చి, ఒళ్ళు కూడా సరిగ్గా తుడుచుకోకుండా చాప మీద కూర్చున్నాడు. చివరి పోటీకి పొట్టివాడు చేరాడు. ఎదురుగా పచ్చ ముసుగువాడు. ఆరోజు వాళ్ళు కొట్టుకున్నట్టు నేను ఏ మనుషులూ కొట్టుకోగా చూడలేదు, మా ఇంట్లో తప్ప. ముసుగువాడు పొట్టివాణ్ణి మెడమీద పడేలా తలకిందులుగా ఎత్తేశాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. పొట్టివాడు కళ్ళు తేలేసి, చేతులు వణుకుతూ, అయినా లేచాడు. ముసుగు చిరిగింది, చిరుగులోంచి రక్తం. అయ్య పిడికిళ్ళు బిగించి "సెయ్యి పట్రా! సెయ్యి!" అని అరుస్తున్నాడు. పొట్టివాడు చెయ్యి దొరికించుకున్నాడు. కాళ్ళు పైకెత్తాడు. కరెంటు పోయింది.

ఇంకా ఆరు కాలేదు. అయినా వానమబ్బుకి గది చీకటైపోయింది. వీధివీధంతా ఉసూరుమన్న చప్పుడు. అయ్య కదలకుండా కూర్చున్నాడు. అమ్మ వంటగది గుమ్మంలో పులుసు గిన్నెతో నిలబడి, మంచి మాటే అనుకుని "ఎల్లుండి సూద్దువులే అయ్యా. ఎక్కడికీ పోదు కదా" అంది. ఆ గొంతులో ఏదో ఉంది. ఇంకో రెండు రోజులు దొరికాయన్న నిమ్మళం. అది ఆయనకి వినబడింది.

ఆయన లేవడం నేను చూడలేదు. గిన్నె నేలమీద దొర్లింది, పులుసు పడి నా పాదాలు కాలాయి. మొదటి దెబ్బకే అమ్మ గోడకి కొట్టుకుని కింద పడింది. గాజులు తియ్యడానికి వ్యవధి లేదు. అన్నీ ఒకేసారి పగిలాయి. అయ్య ఒక మోకాలు నేలకి ఆన్చి, ఎడమచేత్తో అమ్మ జుట్టు పట్టుకుని, కుడిచేత్తో కొడుతున్నాడు. మూడు వారాలుగా ఆగిన దెబ్బలన్నీ లెక్కపెట్టి కొడుతున్నట్టు. అమ్మ నోట్లోంచి మాట రాలేదు, గాలి వస్తోంది అంతే. మావ "బావా, బావా" అంటున్నాడు దగ్గరికి రాకుండా. అన్న తలుపు దగ్గర కొయ్యబారిపోయాడు.

నేను ఆలోచించలేదు. ఆయన చెయ్యి వెనక్కి వచ్చినప్పుడు రెండు చేతులతో మణికట్టు పట్టుకుని, ఆయన భుజం మీదుగా కాళ్ళు విసిరి వేలాడాను. పులుసులో ఆయన మోకాలు జారింది. ఇద్దరం వెల్లకిలా పడ్డాం. పడుతూనే నా తొడల మధ్య ఆ చెయ్యి, ఆవనూనె వాసన, నా గుండెకి హత్తుకుని ఆ మణికట్టు. వెనక్కి వాలాను. అయ్య మొదట నవ్వినంత పనిచేశాడు, "ఒలే గుంటా!" అని. నన్ను ఎత్తుకుని లేవబోయాడు. ఆయన బలానికి లేచేవాడే. మోచెయ్యి అడ్డం తిరిగింది. ఆయన గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది, అది అమ్మదనుకున్నాను. అప్పుడు ఆయన ఎడమచెయ్యి నేలమీద పడింది. మూడుసార్లు తట్టాడు. గట్టిగా, స్పష్టంగా.

ఊరంతా నాతో అన్న మాట, పిల్ల భయంతో పట్టుకుంది, ఆయన విదిలించుకోబోయి విరగ్గొట్టుకున్నాడని. మావ అలాగే చెప్పాడు, ఆస్పత్రిలోనూ అలాగే రాసుకున్నారు. నిజం అది కాదు. ఆయన తట్టడం నేను విన్నాను. దానికి అర్థమేమిటో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు. అప్పుడు నడుము పైకెత్తి ఇంకాస్త వాలాను. పచ్చి వెదురు విరిచినట్టు విరిగింది.

"ఒగ్గీ! ఒగ్గీవే, సచ్చిపోతాడు!" అని అరిచింది అమ్మే. పెదవి చీలి, జుట్టు ఊడి, పాక్కుంటూ వచ్చి, గాజుపెంకులు దిగిన చేత్తో నా చెంపమీద కొట్టింది. ఆ గాజుపెంకు గీసిన గుర్తు నా దవడ కింద ఇప్పటికీ సన్నగా ఉంది. నేను వదిలాను. మావా అన్నా అయ్యని చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపుతున్నప్పుడు కరెంటు వచ్చింది. వీధిలో పిల్లలూ పెద్దలూ మామూలుగానే "మీ లా బీ! మీ లా బీ!" అని చప్పట్లు కొట్టి కేకలేశారు, దీపాలొచ్చాయని. ఆ సంబరం మధ్యలోంచి నీళ్ళలో ఆయన్ని నడిపించుకుపోయారు.

అయ్య మూడు నెలలు రేవుకి వెళ్ళలేదు. తరవాత కూడా బస్తా ఎత్తలేదు, గోదాం దగ్గర కుర్చీలో కూర్చునే పనికి మారాడు. అమ్మే ఆయనకి అన్నం కలిపి ముద్దలు పెట్టింది, అమ్మే స్నానం చేయించింది. నాతో రెండు నెలలు మాట్లాడలేదు. "మొగోడి సెయ్యి ఇరిసిన గుంటని ఎవుడు సేసుకుంటాడే" అని గోడకి చెప్పేది. అన్న తరవాత మిగతా కేసెట్ చూసి, ఆస్పత్రిలోనే అయ్యకి చెప్పాడట, చివరికి పొట్టివాడు ఓడిపోయాడని. చెయ్యి దొరికీ నిలుపుకోలేకపోయాడని. "ఆడు అలిసిపోనాడు" అన్నాడట అయ్య. మావ డెక్కూ టీవీ పట్టుకుపోయి ఓడెక్కేశాడు.

ఇప్పటివాళ్ళకి ఇది చెబితే చట్టం, కౌన్సెలింగ్ అంటారు. మా అమ్మాయి అలాగే అంటుంది. మంచిదే. మా మెట్లమీద ఆ మాటలు లేవు, తనకా ఉండేది. కానీ నేను మారిపోయి మంచిదాన్నైపోయానని రాస్తే అబద్ధం. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళప్పుడు, పలక పగలగొట్టిందని దాని చెయ్యి పట్టి వెనక్కి మెలితిప్పాను. అది ఏడవలేదు, నా మొహంలోకి చూసింది. మా అయ్య చేతికింద అమ్మ మొహాన్నే మళ్ళీ చూసినట్టుంది నాకు. వదిలేసి వంటగదిలోకి పోయి కూర్చున్నాను. ఆ తరవాత దాన్ని తాకలేదు, కానీ నా చేతులకి తెలిసినదేదో నా చేతులకి తెలుసు. అన్న అలా కాదు. పెళ్ళాం మీద గొంతు కూడా ఎత్తడు. ఆరోజు తలుపు దగ్గర నిలబడిపోయినందుకు ఈనాటికీ సిగ్గుపడతాడు. నాకు తలచుకుంటే, ఆ గదిలో పాడవకుండా బయటపడింది వాడొక్కడే అనిపిస్తుంది.

కట్టు విప్పిన వారానికి, ఒక మధ్యాహ్నం, ఇంట్లో నేనూ అయ్యా ఉన్నాం. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఆయన చాప మీద కూర్చుని వంకర చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. "రత్నం, ఇలా రా" అన్నాడు. చేట పక్కన పెట్టి వెళ్ళాను. కొడతాడనే అనుకున్నాను. ఆయన వెల్లకిలా పడుకుని ఎడమచెయ్యి చాపాడు.

"ఎలగ పట్టినావో సూపించు."

నేను కదల్లేదు.

"సూపించవే. మెల్లగా."

కూర్చుని ఆ చెయ్యి అందుకున్నాను. కాళ్ళు అడ్డంగా వేశాను. ఆయన మెడ తిప్పి, తాలింఖానాలో పిల్లలకి నేర్పినప్పటి గొంతుతో, "మోకాళ్ళు దగ్గిరికి తియ్యి. సందు ఒగ్గేసినావు. ఆడి బొటనేలు పైకి ఉండాల, అప్పుడు మోసెయ్యి ఎటూ తిరగదు. ఆఁ. ఇప్పుడు ఎవుడూ తప్పించుకోలేడు" అన్నాడు. ఉన్న ఒక్క మంచి చెయ్యీ నా గుండెమీద ఉంది. దానిలో నరం కొట్టుకోవడం నాకు తెలుస్తోంది. నా నడుము కింద నేల చల్లగా ఉంది.

"నేను తట్టినాను" అన్నాడు పైకప్పు వంక చూస్తూ. "నువ్వు ఇన్నావు."

"ఊఁ" అన్నాను.

"ఒగ్గకపోడం మంచిదైంది. ఒగ్గితే లెగిసి మీ అమ్మని సంపేసుందును. తరవాత నిన్ను."

కోపం లేదు ఆ గొంతులో, పశ్చాత్తాపమూ లేదు. వాన వస్తుందని చెప్పినట్టు చెప్పాడు. నేను ఆ చెయ్యి మెల్లగా చాప మీద పెట్టి, లేచి, బియ్యం చేట ముందు కూర్చున్నాను. ఆయన చాలాసేపు అలాగే పడుకున్నాడు, నేను పెట్టిన చోటనే చెయ్యి ఉంచుకుని.